సంప్రదాయ నిర్వహణ సిద్ధాంతం – వ్యవసాయ విస్తరణ వ్యవస్థలో దాని స్థానం

పరిశోధనా క్షేత్రంలో రూపొందిన సాంకేతిక పరిజ్ఞానం రైతు పొలానికి చేరవలెనంటే పరిజ్ఞానం ఒక్కటే చాలదు. దానిని మోసుకొనిపోయే సంస్థ కావాలి. ఆ సంస్థలో ఎవరు ఏ పని చేయాలి, ఎవరు ఎవరికి జవాబుదారీ, ఒక్కొక్క అధికారి ఎంతమంది పనిని పర్యవేక్షించగలడు అన్న ప్రశ్నలకు ముందుగా సమాధానం దొరకాలి. ఈ ప్రశ్నలను ఒక శాస్త్రంగా చర్చించిన తొలి ఆలోచనా ధోరణినే సంప్రదాయ నిర్వహణ సిద్ధాంతం అంటారు. విస్తరణ విద్య చదివే విద్యార్థులు హెన్రీ ఫేయోల్ ప్రతిపాదించిన 14 సూత్రాలను పరీక్షల కోసం కంఠస్థం చేస్తారు. అయితే తాము రేపు ఉద్యోగంలో చేరబోయే వ్యవసాయ శాఖ స్వరూపం చాలావరకు ఆ సూత్రాల మీదనే నిలిచి ఉన్నదన్న విషయం అంతగా గమనంలోకి రాదు. ఈ సిద్ధాంతం ఎట్లా పుట్టినది, మన విస్తరణ వ్యవస్థలోకి ఏ రూపంలో ప్రవేశించినది, అందులో నేటికీ నిలిచే అంశాలేవి, విడిచిపెట్టవలసినవేవి అన్నది ఈ వ్యాసంలో పరిశీలించడం జరిగినది.

సిద్ధాంతం పుట్టుక

పంతొమ్మిదవ శతాబ్దం చివరినాటికి అమెరికా, ఐరోపా దేశాలలో కర్మాగారాలు బాగా విస్తరించినవి. యంత్రాలు మారినా పని చేయించే తీరు మారలేదు. పని ఎంత సేపు పట్టాలి, ఏ పనిముట్టు వాడాలి అన్నవి మేస్త్రీల అంచనాకు, కార్మికుల అలవాటుకు వదలివేయబడినవి. ఈ స్థితిలో మూడు దేశాలలో ముగ్గురు వ్యక్తులు, దాదాపు ఒకే కాలంలో, మూడు వేర్వేరు కోణాల నుండి నిర్వహణను పరిశీలించినారు.

మొదటివారు అమెరికాకు చెందిన ఫ్రెడరిక్ విన్‌స్లో టేలర్ (1856–1915). ఉక్కు కర్మాగారాలలో ఇంజనీరుగా పని చేసిన టేలర్, ఒక్కొక్క పనిని చిన్న చిన్న కదలికలుగా విడగొట్టి, స్టాప్‌వాచ్‌తో కొలిచి, అందులో అనవసరమైన వాటిని తొలగించే పద్ధతిని రూపొందించినారు. బెత్లెహామ్ ఉక్కు కర్మాగారంలో పార పనిని పరిశీలించి, పారకు సుమారు 21 పౌండ్ల బరువు (దాదాపు 9.5 కిలోలు) ఉన్నప్పుడు కార్మికుడు రోజు మొత్తం మీద అత్యధిక పని చేయగలడని తేల్చినారు. దీని ఫలితంగా బరువైన ఖనిజానికి చిన్న పార, తేలికైన బూడిదకు పెద్ద పార వాడుకలోకి వచ్చినవి. 1911లో వెలువడిన ‘శాస్త్రీయ నిర్వహణ సూత్రాలు’ అనే గ్రంథంలో ఈ అనుభవాలను వివరించినారు. అలవాటు స్థానంలో శాస్త్రాన్ని నిలపడం, పనికి తగిన వ్యక్తిని ఎంచి శిక్షణ ఇవ్వడం, యాజమాన్యానికీ కార్మికునికీ మధ్య సహకారం, ప్రణాళిక బాధ్యత యాజమాన్యానిది – అమలు బాధ్యత కార్మికునిది అన్న విభజన, ఈ నాలుగూ టేలర్ సిద్ధాంతానికి మూలస్తంభాలు.

రెండవవారు ఫ్రాన్సుకు చెందిన గనుల ఇంజనీరు హెన్రీ ఫేయోల్ (1841–1925). టేలర్ కార్మికుని చేతి నుండి పైకి చూసినారు. ఫేయోల్ సంస్థ శిఖరం నుండి కిందికి చూసినారు. ముప్పది సంవత్సరాల పాటు, అనగా 1888 నుండి 1918 వరకు, ఒక పెద్ద గనుల సంస్థకు అధిపతిగా ఉండి, 1916లో తన అనుభవ సారాన్ని ప్రచురించినారు. ప్రణాళికీకరణ, వ్యవస్థీకరణ, ఆదేశించడం, సమన్వయం, నియంత్రణ అనే ఐదు విధులను నిర్వహణకు ప్రాణంగా పేర్కొన్నారు. పనివిభజన, అధికారం–బాధ్యత, క్రమశిక్షణ, ఆదేశ ఏకత్వం, అధికార శ్రేణి మొదలైన 14 సూత్రాలను ప్రతిపాదించినారు. ఈ సూత్రాలు రాతి మీద చెక్కిన శాసనాలు కావనీ, పరిస్థితిని బట్టి సడలించుకోదగినవనీ ఆయనే స్పష్టం చేసినారు. తరువాతి కాలంలో ఎక్కువగా మరుగున పడిన విషయం ఇదే.

మూడవవారు జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ (1864–1920). ఆధునిక ప్రభుత్వ కార్యాలయం ఏ లక్షణాల మీద నిలుస్తుందో ఆయన విశ్లేషించినారు. లిఖిత నియమాలు, అర్హతను బట్టి నియామకం, స్థిరమైన వేతనం, పదవుల శ్రేణి, ప్రతి నిర్ణయానికీ దస్త్రం, వ్యక్తితో నిమిత్తం లేని వ్యవహార సరళి అన్నవి వెబర్ చెప్పిన ఉద్యోగస్వామ్య లక్షణాలు. మండల వ్యవసాయ అధికారి బదిలీపై వెళ్ళినా కార్యాలయం యథాతథంగా నడుస్తున్నదంటే, అందుకు కారణం ఈ లక్షణాలే.

ఈ ముగ్గురి తరువాత లూథర్ గులిక్, లిండాల్ ఉర్విక్‌లు 1937లో సంకలనం చేసిన పరిపాలనా శాస్త్ర వ్యాసాలు ఈ ధోరణికి పరిపూర్ణ రూపాన్ని ఇచ్చినవి. ప్రణాళిక, వ్యవస్థీకరణ, సిబ్బంది, నిర్దేశం, సమన్వయం, నివేదన, బడ్జెటు అనే ఏడు విధుల ఆంగ్ల పదాల తొలి అక్షరాలతో ఏర్పడిన ‘పోస్డ్‌కార్బ్’ అన్న మాట అప్పటి నుండే ప్రచారంలోకి వచ్చినది.

సిద్ధాంతంలోని అంతర్గత వైరుధ్యం

సంప్రదాయ సిద్ధాంతాన్ని ఒకే ముద్దగా భావించడం పొరపాటు. కార్మికుని మీద ఒకే మేస్త్రీ ఉండడం చాలదని టేలర్ అభిప్రాయపడినారు. వేగం, మరమ్మతు, తనిఖీ, సమయం–ఖర్చు వంటి ఒక్కొక్క అంశానికి ఒక్కొక్క నిపుణుడు చొప్పున ఎనిమిది మంది మేస్త్రీలు ఉండాలన్నది ఆయన ప్రతిపాదన. ఫేయోల్ దీనిని అంగీకరించలేదు. ఒక ఉద్యోగికి ఒకే అధికారి నుండి ఆదేశాలు రావాలన్నది ఆయన ఆదేశ ఏకత్వ సూత్రం. నైపుణ్యం కావాలంటే నిపుణులు పలువురు ఉండాలి. క్రమశిక్షణ కావాలంటే అధికారి ఒక్కరే ఉండాలి. ఈ రెండు అవసరాల మధ్య సంఘర్షణ కర్మాగారంలో మొదలై, భారతదేశపు విస్తరణ వ్యవస్థలో మరింత స్పష్టంగా బయటపడినది.

గ్రామసేవక్ నుండి శిక్షణ–సందర్శన పద్ధతి వరకు

1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం ప్రారంభమైనది. మరుసటి ఏడాది అదే తేదీన జాతీయ విస్తరణ సేవ మొదలైనది. ఈ పథకాలలో గ్రామస్థాయి కార్యకర్త, అనగా గ్రామసేవక్, వ్యవసాయంతో పాటు పశుపోషణ, సహకారం, ఆరోగ్యం, పారిశుద్ధ్యం, రోడ్లు వంటి సమస్త విషయాలకు బాధ్యుడు. పరిపాలనాపరంగా సమితి అభివృద్ధి అధికారికి లోబడి ఉంటూ, సాంకేతికంగా ఒక్కొక్క విషయానికి ఒక్కొక్క విస్తరణాధికారి సలహాను పాటించవలసి ఉండేది. టేలర్ ఊహించిన బహు మేస్త్రీల పద్ధతి దాదాపుగా గ్రామంలోనే వెలసినట్లయినది. ఇన్ని శాఖల పనులు ఒక్కరి భుజాన పడడం వలన వ్యవసాయ విస్తరణకు మిగిలే సమయం తగ్గిపోయినది. ఏ పనికి ఎవరికి జవాబు చెప్పాలో తెలియని స్థితి ఏర్పడినది.

1974లో రాజస్థాన్, మధ్యప్రదేశ్‌లలోని చంబల్ ఆయకట్టు ప్రాంతంలో ప్రవేశపెట్టబడిన శిక్షణ–సందర్శన పద్ధతి ఈ లోపాన్ని సరిదిద్దే ప్రయత్నం. దీని రూపకర్త డేనియల్ బెనోర్. ప్రపంచ బ్యాంకు దీనికి అండగా నిలిచినది. 1980 దశకంలో ఈ పద్ధతి ఆంధ్రప్రదేశ్‌తో సహా దేశంలోని ప్రధాన రాష్ట్రాలకు విస్తరించినది. ఇందులోని ముఖ్యాంశాలను సంప్రదాయ సూత్రాలతో పోల్చి చూడవచ్చు.

పనివిభజన: విస్తరణ కార్యకర్త విస్తరణ పని మాత్రమే చేయాలి. ఎరువుల పంపిణీ, రుణాల వసూలు, గణాంకాల సేకరణ వంటివి అతని విధులు కావు.

ఆదేశ ఏకత్వం: గ్రామస్థాయి కార్యకర్త నుండి రాష్ట్ర స్థాయి వరకు వ్యవసాయ శాఖలోనే ఒకే అధికార శ్రేణి ఉంటుంది. విషయ నిపుణులు సలహా ఇస్తారు, ఆదేశించరు.

నియంత్రణ పరిధి: ఒక వ్యవసాయ విస్తరణాధికారి పర్యవేక్షణలో ఆరు నుండి ఎనిమిది మంది కార్యకర్తలు మాత్రమే ఉండాలి. పై స్థాయిలో కూడా ఇదే నిష్పత్తి వర్తిస్తుంది.

ప్రామాణిక కాలపట్టిక: కార్యకర్త తన పరిధిలోని రైతు కుటుంబాలను ఎనిమిది బృందాలుగా విభజించి, రెండు వారాల వ్యవధిలో ఒక్కొక్క బృందాన్ని నిర్ణీత రోజున సందర్శిస్తాడు. ప్రతి బృందంలో కొందరు సంప్రదింపు రైతులు ఉంటారు. అదే రెండు వారాలలో ఒక రోజు విషయ నిపుణుల వద్ద శిక్షణ పొందుతాడు. విషయ నిపుణులు నెలకొకసారి పరిశోధనా శాస్త్రవేత్తలతో కార్యశాలలో పాల్గొంటారు.

టేలర్ కర్మాగారంలో కార్మికునికి పని సూచనల పత్రం ఇచ్చినట్లే, ఈ పద్ధతిలో కార్యకర్తకు పక్షానికి కొన్ని నిర్దిష్ట సందేశాలు అందేవి. వ్యవసాయ విస్తరణలో సంప్రదాయ నిర్వహణ సిద్ధాంతం ఇంత పూర్తిగా అమలైన సందర్భం మరొకటి చెప్పడం కష్టం.

సమకూరిన ప్రయోజనాలు

ఈ పద్ధతి వలన మూడు మేళ్ళు జరిగినవి. మొదటిది, కార్యకర్త ఏ రోజున ఎక్కడ ఉంటాడో రైతుకు ముందే తెలిసినది. అతడు రాకపోతే ప్రశ్నించే అవకాశం రైతుకు, తనిఖీ చేసే వీలు అధికారికి కలిగినవి. రెండవది, పరిశోధనకూ విస్తరణకూ మధ్య క్రమబద్ధమైన వంతెన ఏర్పడినది. నెలవారీ కార్యశాలల అలవాటు ఈ పద్ధతి మిగిల్చిన విలువైన వారసత్వం. మూడవది, శిక్షణ ఒక్కసారితో ముగిసేది కాదనీ, ఉద్యోగ జీవితం పొడవునా సాగవలసినదనీ అంగీకారం లభించినది. నీటి వసతి కలిగి, ఒకే పంట విస్తారంగా ఉండి, సిఫారసు స్పష్టంగా ఉన్న ప్రాంతాలకు ఈ పద్ధతి బాగా సరిపోయినది. వరి, గోధుమలలో అధిక దిగుబడి వంగడాలు, ఎరువుల మోతాదులు, నాటే దూరాలు వంటి విషయాలు ఈ కోవకు చెందినవి.

పరిమితులు

నియంత్రణ పరిధిని తక్కువగా ఉంచాలన్న సూత్రానికి 1933లో గ్రైకూనాస్ గణిత రూపం ఇచ్చినారు. ఒక అధికారి కింద ఐదుగురు ఉంటే ఏర్పడగల సంబంధాల సంఖ్య 100, ఆరుగురైతే 222, ఎనిమిది మందికి 1,080. ఒక్కొక్కరు పెరిగిన కొద్దీ పర్యవేక్షణ ఎంత క్లిష్టమవుతుందో ఈ అంకెలు సూచిస్తాయి. అయితే పరిధిని తగ్గిస్తే అంచెలు పెరుగుతాయి. ఉదాహరణకు 4,096 మంది క్షేత్ర కార్యకర్తలు ఉన్న వ్యవస్థను ఊహించుకుంటే, ఒక్కొక్క అధికారికి ఎనిమిది మంది చొప్పున నాలుగు అంచెలలో 585 మంది పర్యవేక్షకులు అవసరమవుతారు. పదహారు మంది చొప్పున అయితే మూడు అంచెలు, 273 మంది చాలు. అంచెలు పెరిగిన కొద్దీ వేతనాల భారం పెరుగుతుంది. సమాచారం పైకి పోయి కిందికి రావడానికి పట్టే సమయమూ పెరుగుతుంది. శిక్షణ–సందర్శన పద్ధతికి బయటి నిధులు ఆగిన తరువాత రాష్ట్రాలకు ఈ భారమే ప్రధాన సమస్య అయినది.

ఈ వైరుధ్యాన్నే హెర్బర్ట్ సైమన్ 1946లో ఎత్తి చూపినారు. పరిపాలనా సూత్రాలు సామెతల వంటివనీ, ప్రతి సూత్రానికీ దానికి సరిగ్గా విరుద్ధమైన మరొక సూత్రం సిద్ధంగా ఉంటుందనీ ఆయన విమర్శ. ‘ఆలస్యం అమృతం విషం’ అని ఒక సామెత తొందరపెడితే, ‘నిదానమే ప్రధానం’ అని మరొక సామెత ఆపుతుంది. రెండూ నిజమే. ఏది ఎప్పుడు వర్తిస్తుందో చెప్పినప్పుడే అవి శాస్త్రమవుతాయి.

అంతకన్న లోతైన పరిమితి మరొకటి ఉన్నది. టేలర్ సిద్ధాంతంలో ఆలోచించేవారు వేరు, పని చేసేవారు వేరు. బెత్లెహామ్‌లో ఇనుప దిమ్మెలు మోసే కార్మికుని పని రోజుకు 12.5 టన్నుల నుండి 47.5 టన్నులకు పెరిగినదనీ, కూలి 1.15 డాలర్ల నుండి 1.85 డాలర్లకు పెరిగినదనీ టేలర్ వ్రాసుకొన్నారు. ఆ వృత్తాంతంలోని కొన్ని వివరాలను తరువాతి చరిత్రకారులు ప్రశ్నించినారు. ఆయన లెక్కనే తీసుకొన్నా పని దాదాపు నాలుగు రెట్లు, కూలి సుమారు 60 శాతం మాత్రమే పెరిగినవి. తన పనిని గురించి ఆలోచించే హక్కు కార్మికునికి మిగలలేదు. 1911లో వాటర్‌టౌన్ ఆయుధ కర్మాగారంలో స్టాప్‌వాచ్ పరిశీలనకు వ్యతిరేకంగా సమ్మె జరిగినది. ఆ తరువాత టేలర్ అమెరికా ప్రతినిధుల సభ నియమించిన సంఘం ఎదుట హాజరై తన పద్ధతిని సమర్థించుకోవలసి వచ్చినది.

వ్యవసాయంలో ఈ విభజన మరింత ఇబ్బందికరం. పొలంలో నిర్ణయం తీసుకొనేది రైతు. నేల, వాన, పెట్టుబడి, కూలీల లభ్యత ఒక్కొక్క కమతంలో ఒక్కొక్క విధంగా ఉంటాయి. వర్షాధార మెట్ట ప్రాంతంలో, కంది, వేరుశనగ, జొన్న కలిపి వేసే చోట, అందరికీ ఒకే సందేశం సరిపోదు. పక్షానికి ముందే నిర్ణయమైన సందేశం తొలకరి ఆలస్యమైన ఏడాదిలో వ్యర్థమవుతుంది. పైగా సందేశం సంప్రదింపు రైతుల దగ్గరే ఆగిపోయి చిన్న, సన్నకారు రైతులకు చేరలేదన్న విమర్శ కూడా బలంగా వినిపించినది.

ఫేయోల్ చెప్పిన వంతెన

సంప్రదాయ సిద్ధాంతం జాప్యానికి కారణమని విమర్శించేవారు ఫేయోల్ స్వయంగా సూచించిన విరుగుడును తరచు విస్మరిస్తారు. అధికార శ్రేణిలో ఒకే స్థాయిలో ఉన్న ఇద్దరు ఉద్యోగులు అత్యవసర విషయంలో మెట్టు మెట్టుగా పైకి ఎక్కి మళ్ళీ దిగనవసరం లేకుండా, నేరుగా మాట్లాడుకోవచ్చునని ఆయన పేర్కొన్నారు. దీనినే ‘గ్యాంగ్ ప్లాంక్’ అన్నారు. అనగా రెండు నిచ్చెనల మధ్య వేసిన బల్ల వంతెన. ఇందుకు రెండు షరతులు ఉన్నవి. పై అధికారులు ముందుగా అనుమతించి ఉండాలి. జరిగిన విషయం వారికి వెంటనే తెలియజేయాలి.

2018లో మొక్కజొన్నను ఆశించే కత్తెర పురుగు మొదట కర్ణాటకలో కనిపించి, స్వల్పకాలంలోనే ఇతర రాష్ట్రాలకు వ్యాపించినది. అంతకు ముందు దేశంలో లేని పురుగు కనుక క్షేత్ర సిబ్బంది చేతిలో దానికి సంబంధించిన సిద్ధ సందేశం ఏదీ లేదు. ఇటువంటి సందర్భంలో విస్తరణాధికారి పొలంలో తీసిన ఫొటో మండలం, డివిజను, జిల్లా కార్యాలయాలు దాటి విశ్వవిద్యాలయానికి చేరి, సలహా అదే దారిలో తిరిగి వచ్చేలోగా పురుగు మొక్కజొన్న సుడిలోకి చేరుతుంది. లోపలికి చేరిన పురుగుకు మందు తగలడం కష్టం. విస్తరణాధికారి జిల్లాలోని ఏరువాక కేంద్రం లేదా కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తతో నేరుగా సంప్రదించి, ఆ సమాచారాన్ని తన పై అధికారికి పంపితే ఫేయోల్ వంతెన వేసినట్లే. 2004లో ప్రారంభమైన కిసాన్ కాల్ సెంటర్ రైతు కోసం వేసిన అటువంటి వంతెనగా భావించవచ్చు. నేటి వాట్సాప్ బృందాలు కూడా ఇదే పని చేస్తున్నవి. అయితే రెండవ షరతు, అనగా పై అధికారికి తెలియజేయడం, అక్కడ తరచు లోపిస్తుంది. ఫలితంగా ఒకే సమస్యకు రెండు వేర్వేరు సలహాలు రైతుకు చేరే ప్రమాదం ఉన్నది.

ఆత్మ, పొలంబడి – దిశ మార్పు

1998లో జాతీయ వ్యవసాయ సాంకేతిక ప్రాజెక్టులో భాగంగా ఎంపిక చేసిన జిల్లాలలో ప్రారంభమైన వ్యవసాయ సాంకేతిక యాజమాన్య సంస్థ (ఆత్మ), పై నుండి కిందికి ప్రవహించే ప్రణాళికను తలకిందులు చేయడానికి ప్రయత్నించినది. జిల్లా స్థాయిలోనే వ్యూహాత్మక ప్రణాళిక, రైతు సలహా సంఘాలు, వ్యవసాయ అనుబంధ శాఖల సమన్వయం దీని లక్షణాలు. తరువాత 2005–06లో దీనిని దేశవ్యాప్త పథకంగా చేపట్టినారు.

పొలంబడి పద్ధతి ఇంకొక అడుగు ముందుకు వేసినది. ఇండొనేషియాలో 1989లో వరి సస్యరక్షణ కోసం మొదలైన ఈ పద్ధతిలో రైతులు పంటకాలమంతా వారం వారం ఒకే పొలంలో కలుస్తారు. పురుగులను, మిత్రపురుగులను లెక్కించి, బొమ్మ గీసి, చర్చించి, మందు అవసరమా కాదా అని తామే తేల్చుకొంటారు. టేలర్ కార్మికుని నుండి తీసుకొన్న ఆలోచనను పొలంబడి రైతు చేతికి తిరిగి ఇచ్చినదని చెప్పవచ్చు. గమనించవలసిన విషయం ఏమిటంటే, ఆ వారం వారం సమావేశానికి కూడా నిర్ణీత రోజు, నిర్ణీత స్థలం, బాధ్యుడైన శిక్షకుడు కావాలి. నిర్ణయాధికారం మారినది గాని క్రమపద్ధతి అవసరం మారలేదు.

నేటి క్షేత్ర సిబ్బంది ఎదుర్కొంటున్న ప్రశ్న

తెలంగాణలో ఐదు వేల ఎకరాలను ఒక క్లస్టరుగా తీసుకొని, ఒక్కొక్క దానికి ఒక వ్యవసాయ విస్తరణాధికారిని, ఒక రైతు వేదికను ఏర్పాటు చేసినారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో రైతు భరోసా కేంద్రాలు ప్రారంభమైనవి. గ్రామ స్థాయిలో వ్యవసాయ సహాయకులు నియమితులైనారు. రైతుకు సిబ్బంది చేరువ కావడంలో ఇది పెద్ద ముందడుగు. కాని పంటల నమోదు, బీమా, రాయితీ విత్తనాల పంపిణీ, పథకాల లబ్ధిదారుల పరిశీలన వంటి పనులు అదే వ్యక్తి మీద పడినప్పుడు గ్రామసేవక్ కాలంనాటి చిక్కు మళ్ళీ తలెత్తుతుంది. ఈ పనులన్నీ అవసరమైనవే. పొలానికి వెళ్ళి ఆకు తిప్పి చూసే సమయం మిగులుతున్నదా అన్నదే ప్రశ్న. నమోదులో ఆలస్యం వెంటనే నివేదికలో కనిపిస్తుంది. ఇవ్వని సలహా ఏ నివేదికలోనూ కనిపించదు. కనుక రెండింటి మధ్య పోటీ వచ్చినప్పుడు ఓడిపోయేది సలహాయే.

విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు గమనించవలసినవి

1. ఒకే రకంగా పదే పదే జరిగే పనులకు సంప్రదాయ సూత్రాలు అనుకూలం. విత్తన నాణ్యత పరీక్ష, మట్టి నమూనాల విశ్లేషణ, ఎరువుల నిల్వల లెక్క, పంటల నమోదు ఇందుకు ఉదాహరణలు.

2. అనిశ్చితి ఎక్కువగా ఉన్న పనులకు, అనగా కరువు ప్రణాళిక, కొత్త తెగుళ్ళు, మిశ్రమ పంటల సలహాలకు, స్థానిక నిర్ణయ స్వేచ్ఛ అవసరం.

3. ఒక ఉద్యోగికి ఇద్దరు అధికారులు ఉండక తప్పనప్పుడు ఏ పనికి ఎవరి మాట చెల్లుతుందో లిఖితపూర్వకంగా తేల్చాలి.

4. బాధ్యత అప్పగించినప్పుడు అందుకు తగిన అధికారాన్నీ ఇవ్వాలి. సలహా తప్పితే జవాబు చెప్పవలసిన వ్యక్తికి శాస్త్రవేత్తను నేరుగా సంప్రదించే అనుమతి ఉండాలి.

5. పనితీరును సందర్శనల సంఖ్యతో మాత్రమే కొలవరాదు. రైతు ఏమి నేర్చుకొన్నాడు, ఏ నిర్ణయం మార్చుకొన్నాడు అన్నవి కూడా మూల్యాంకనలో చేరాలి.

6. విద్యార్థులు గ్రామీణ కృషి అనుభవ కార్యక్రమంలో ఉన్నప్పుడు ఒక విస్తరణాధికారి వారం రోజుల పనిని గంటల వారీగా నమోదు చేసి, అందులో విస్తరణకు దక్కిన భాగమెంతో లెక్కించవచ్చు. టేలర్ కాల పరిశీలనను ఈసారి శ్రామికునిపై ఒత్తిడి పెంచడానికి గాక, అతని భారాన్ని బయటపెట్టడానికి వాడినట్లవుతుంది.

ముగింపు

సంప్రదాయ నిర్వహణ సిద్ధాంతం కాలం చెల్లినదని తోసివేయడమూ, సర్వరోగ నివారిణిగా స్వీకరించడమూ సరికాదు. క్రమం, స్పష్టత, జవాబుదారీతనం అన్నవి అది ఇచ్చిన వరాలు. ఆలోచించేవారినీ పని చేసేవారినీ వేరు చేయడం దానిలోని లోపం. విస్తరణ సంస్థ తన సిబ్బంది పట్ల ఫేయోల్ స్పష్టతను, రైతు పట్ల పొలంబడి వినయాన్ని పాటించగలిగితే రెండూ ఒకే వ్యవస్థలో ఇముడుతాయి. ఆ వ్యవస్థను రూపొందించే బాధ్యత నేటి విస్తరణ శాస్త్రవేత్తలది. రేపు అందులో పని చేయవలసినది నేటి విద్యార్థులు.